గాల్వే తీర్పు: ఒక్క జడ్జి చాలడని బ్రిటన్‌కు ఎప్పుడు తెలిసొచ్చింది?

ఎన్నికల పిటిషన్‌ను, అంటే ఒకరి గెలుపును సవాలు చేసే కేసును, హైకోర్టులో ఒక్క జడ్జికి వదిలేయడం సబబేనా అన్న వాదన మళ్లీ మొదలైంది. ఈ పద్ధతి మనకు బ్రిటన్ నుంచి వచ్చిందని అందరికీ తెలుసు. ఆ బ్రిటనే 1879లో దీన్ని మార్చుకుందన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. ఎందుకు మార్చుకుందో తెలియాలంటే అప్పట్లో బ్రిటన్ ఏలుబడిలో ఉన్న ఐర్లండ్‌లోని గాల్వే కౌంటీకి వెళ్లాలి.

1872 ఫిబ్రవరిలో అక్కడ ఉప ఎన్నిక జరిగింది. రహస్య బ్యాలెట్ ఇంకా రాలేదు. ఎవరికి ఓటేస్తున్నారో నలుగురిలో నోరు తెరిచి చెప్పాల్సిందే. ఐర్లండ్‌కు స్వపరిపాలన కోరిన కెప్టెన్ నోలన్‌కు 2,823 ఓట్లు వచ్చాయి. భూస్వాముల మనిషి ట్రెంచ్‌కు వచ్చినవి 658. నోలన్ కోసం తిరిగిన కాథలిక్ ఫాదర్లు ఓటర్లను బెదిరించారని పిటిషన్ పడింది.

విచారణ జస్టిస్ విలియం కియో చేతికి వచ్చింది. ఆయన కూడా కాథలిక్కే. కానీ 1850ల్లో ఎంపీగా ఉన్నప్పుడు ఇచ్చిన మాట తప్పి ప్రభుత్వ పదవి తీసుకున్నారని సొంత జనమే ఆయన్ను నమ్మేవారు కాదు. కొందరు ఫాదర్లు హద్దు మీరి ఉండొచ్చు. అయితే భూస్వామికి ఎదురు ఓటేస్తే తమ భూమి ఏమవుతుందోనన్న కౌలు రైతుల భయం మాటేమిటి? గంటల తరబడి చదివిన తీర్పులో కియో ఫాదర్లను దుమ్మెత్తిపోశారు, భూస్వాములను మెచ్చుకున్నారు. నోలన్ ఎన్నిక రద్దయింది. 658 ఓట్ల ట్రెంచ్ ఎంపీ అయ్యారు.

జనం కియో దిష్టిబొమ్మలు తగలబెట్టారు. ఆయన తీరుపై ఐర్లండ్ స్వపరిపాలన ఉద్యమ నాయకుడు ఐజాక్ బట్ పార్లమెంటులో తీర్మానం పెట్టారు. ఆ తీర్పు వల్లే కేసు ఎదుర్కొన్న బిషప్ డుగ్గన్ మరుసటి ఏడాది నిర్దోషిగా బయటపడ్డారు. 1874లో గాల్వే ఓటర్లు నోలన్‌నే మళ్లీ గెలిపించుకున్నారు.

ఇలా జరుగుతుందని కియో తీర్పుకు నాలుగేళ్ల ముందే చెప్పినవాళ్లున్నారు. అంతకుముందు ఎన్నికల తగాదాలను ఎంపీల కమిటీలే తేల్చేవి. అక్కడ పార్టీ లెక్కలదే పైచేయి. 1868లో ఆ పనిని జడ్జిలకు అప్పగించబోతే చీఫ్ జస్టిస్ కాక్‌బర్న్ తోటి జడ్జిల తరఫున లార్డ్ చాన్సలర్‌కు (న్యాయవ్యవస్థను చూసే మంత్రికి) లేఖ రాసి వద్దన్నారు. పార్టీల కొట్లాటలోకి లాగితే జడ్జిల మీద జనానికున్న నమ్మకం పోతుందన్నారు. పార్లమెంటు వినలేదు.

1879 చట్టం ప్రతి పిటిషన్‌కూ ఇద్దరు జడ్జిలను పెట్టింది. ఇద్దరికీ అభిప్రాయం కుదరకపోతే గెలిచిన అభ్యర్థే ఎంపీగా కొనసాగుతారు. దీనికి గాల్వే ఒక్కటే కారణం కాకపోవచ్చు. నా దృష్టిలో మాత్రం అసలు మలుపు అదే.

మన దగ్గర 1966లో ఎన్నికల ట్రిబ్యునళ్లను తీసేసి పిటిషన్లను హైకోర్టులకు ఇచ్చారు. ఒక్క జడ్జి చాలనేవాళ్లు ప్రధాని ఇందిరా గాంధీ ఎన్నికను ఒక్క జడ్జే రద్దు చేసిన 1975 నాటి అలహాబాద్ హైకోర్టు తీర్పును గుర్తుచేస్తారు. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 80ఏ సెక్షన్ ఇప్పటికీ సాధారణంగా ఒక్క జడ్జే విచారించాలంటోంది.