డ్రైవరు లేని కారు, ఊరి బయట స్థలం: అపోహలు, వాస్తవాలు

నెల్లూరులో బ్యాంకుల ప్యానెల్‌లో వాల్యూయర్‌గా పని చేస్తున్నాను. ఎవరైనా హోమ్ లోన్‌కి దరఖాస్తు పెడితే బ్యాంకు తరఫున వెళ్ళి ఆ ఇల్లో స్థలమో చూసి, కొలిచి, విలువ కట్టి రిపోర్టు ఇస్తాను. అంకణం (మా వైపు స్థలం కొలత, 72 చదరపు అడుగులు) ధర ఎంత, దారి ఎన్ని అడుగులు, మంచినీళ్ళు పడతాయా, లే అవుట్‌కి అనుమతి ఉందా, ఇవీ రోజూ నేను చూసేవి. కార్ల గురించి మాట్లాడాల్సిన అవసరం ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదు.

ఈ మధ్య ఒక రిటైరైన అయ్యవారు బ్రోచరు పట్టుకొని మా ఆఫీసుకి వచ్చారు. ఊరికి 25 కిలోమీటర్ల దూరంలో లే అవుట్. "నాయనా, ముందు ముందు కార్లు వాటంతట అవే నడుస్తాయంట కదా. అప్పుడు దూరం అన్నది లెక్కలోకే రాదంట. ఇప్పుడు కొంటే నాలుగింతలవుతుందని చెప్తున్నారు, నిజమేనా?" అని అడిగారు. పెట్టబోయేది రిటైర్మెంట్ డబ్బు. రెండు రోజులు టైమ్ అడిగి, కూర్చొని చదివి, లెక్కలు వేసి చెప్పాను. ఆ తర్వాత ఇదే ప్రశ్న ఇంకో ముగ్గురు అడిగారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: డ్రైవరు లేని కార్లు వచ్చేశాయి. రెండు మూడేళ్ళలో మన ట్రంకు రోడ్డు మీదా తిరుగుతాయి.

వాస్తవం: వచ్చిన మాట నిజమే, అయితే ఎక్కడికి వచ్చాయో చూడాలి. గూగుల్ 2009లో మొదలుపెట్టిన ప్రాజెక్టే ఇప్పటి వేమో కంపెనీ. అది 2020లో అమెరికాలోని ఫీనిక్స్ శివార్లలో డ్రైవరు సీట్లో ఎవరూ లేకుండా మామూలు జనాన్ని ఎక్కించుకుంది. అవి వెడల్పాటి రోడ్లు, వాన తక్కువ పడే ఊళ్ళు. 2024 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అందరికీ తలుపు తెరిచింది. 2025 నవంబరు దాకా ఫ్రీవేల మీద మాత్రం మామూలు ప్రయాణికుల్ని తీసుకెళ్ళలేదు. అంటే అంత డబ్బు, అంత టెక్నాలజీ ఉన్న కంపెనీకి ప్రాజెక్టు మొదలైన నాటి నుంచి హైవే ఎక్కేదాకా 16 ఏళ్ళు పట్టింది.

దాని పోటీదారు క్రూజ్‌కి ఏమైందో కూడా తెలుసుకోవాలి. 2023 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో వేరే కారు గుద్దిన ఒక మహిళ క్రూజ్ కారు ముందు పడింది. ఆ కారు ఆమెను గుద్ది, రోడ్డు పక్కకు ఆపే ప్రయత్నంలో ఈడ్చుకుపోయింది. కాలిఫోర్నియా ప్రభుత్వం అనుమతి నిలిపేసింది. 2024 డిసెంబరులో క్రూజ్ యజమాని జనరల్ మోటార్స్ ఆ ట్యాక్సీ సర్వీసుకు డబ్బు పెట్టడమే మానేసింది.

మన దేశంలో సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో 2022లో ఇలాంటి వాహనాల పరీక్షా కేంద్రం ప్రారంభించారు. అక్కడ మంచి పని జరుగుతోంది. ఇక రోడ్డు మీదకు రానివ్వడం గురించైతే, రవాణా మంత్రి నితిన్ గడ్కరీ డ్రైవర్ల ఉపాధి పోతుంది కాబట్టి ఒప్పుకోనని 2017లో చెప్పారు, 2023లో మళ్ళీ చెప్పారు.

"మా కొత్త కారు దానంతట అదే బ్రేకు వేస్తుంది, లైను తప్పదు" అని కొందరు చూపిస్తుంటారు. దాన్ని రెండో స్థాయి అంటారు. సున్నా నుంచి ఐదు దాకా ఉన్న స్థాయిల్లో అది డ్రైవరుకు సాయం మాత్రమే, బాధ్యత మొత్తం స్టీరింగు ముందు కూర్చున్న మనిషిదే. పైగా లైను తప్పకుండా నడవాలంటే రోడ్డు మీద లైను కనబడాలి. ఆత్మకూరు బస్టాండు దగ్గర రాంగ్ రూట్లో వచ్చే షేర్ ఆటోనీ, రోడ్డుకి అడ్డంగా నిలబడ్డ గేదెనీ చూసుకుంటూ వెళ్ళడం వేరే పని.

అపోహ: కారే నడుపుకుంటుంటే దూరం బరువు కాదు. కాబట్టి ఊరి బయట స్థలాల ధర పెరిగి తీరుతుంది.

వాస్తవం: అసలు సంగతి ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

డ్రైవరు లేని కారు ఎక్కిన మనిషికి మిగిలేది ఏమిటి? స్టీరింగు పట్టుకునే శ్రమ. వెనక సీట్లో కూర్చొని ఫోన్ మాట్లాడుకోవచ్చు, కునుకు తీయొచ్చు. ఈ సుఖం కొత్తదేమీ కాదు. జీతమిచ్చి డ్రైవరును పెట్టుకున్న ప్రతి కుటుంబం దశాబ్దాలుగా అనుభవిస్తున్నదే. మరి మన ఊళ్ళో డ్రైవరున్న కుటుంబాలు ఎక్కడ ఉంటున్నాయి? దూరం బరువు కాకపోతే వాళ్ళు చల్లగా తోటలేసుకొని ఏ పొదలకూరు దారిలోనో ఉండాలి కదా. నేను విలువ కట్టడానికి వెళ్ళే పెద్ద ఇళ్ళు మాగుంట లే అవుట్‌లో ఉన్నాయి, దర్గామిట్టలో ఉన్నాయి. ఆసుపత్రులన్నీ పొగతోటలో ఉంటే డాక్టర్లు దానికి పది నిమిషాల దూరంలోనే ఇల్లు చూసుకుంటారు, ఇంట్లో ఇద్దరు డ్రైవర్లున్నా సరే. వాళ్ళకు తోటలుంటే ఉండొచ్చు, ఆదివారం పోయొస్తారు. రోజూ నిద్ర లేచేది మాత్రం ఊళ్ళోనే. బడి, ఆసుపత్రి, బంధువులు, అర్ధరాత్రి తెరిచి ఉండే మందుల షాపు, వీటికి దగ్గరగా ఉండటం కోసమే మనిషి డబ్బు పెడుతున్నాడు. ఆ పని కారు చేయలేదు.

రెండోది ఖర్చు. డ్రైవరు లేకపోయినా కారు కిలోమీటరు తిరిగితే టైరు అరుగుతుంది, పెట్రోలో కరెంటో కాలుతుంది, బండి విలువ తగ్గుతుంది. అన్నీ కలిపి కిలోమీటరుకి 10 రూపాయలు అనుకుందాం. 25 కిలోమీటర్ల దూరం నుంచి రోజూ వచ్చి పోతే 50 కిలోమీటర్లు. ఏడాదికి 300 రోజులకు 15,000 కిలోమీటర్లు, లక్షన్నర రూపాయలు. నెలకు 12,500. ఇదే సొమ్ము ఈఎంఐగా కడితే 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ళ గడువు మీద 14 లక్షలకు పైగా లోన్ వస్తుంది. అంటే ఊరి బయట స్థలం 14 లక్షలు చవకగా దొరికినా, ఆ మిగులంతా రోడ్డు మీద పోసినట్టే. ఇంట్లో ఇద్దరు వేర్వేరు వేళల్లో వెళ్ళేవాళ్ళయితే లెక్క ఇంకా పెరుగుతుంది. లోన్ తీసుకునే ప్రతి ఒక్కరినీ ఈ లెక్క కాగితం మీద వేసుకోమని చెప్తుంటాను. ఎందుకంటే స్థలం ధర ఒక్కసారి కనబడుతుంది, దూరం ధర నెల నెలా చిల్లరగా పోతుంది.

మూడోది కాలం. ఇటలీకి చెందిన భౌతిక శాస్త్రవేత్త చెసారే మార్కెట్టి 1994లో రాసిన ఒక వ్యాసంలో, ఏ కాలంలోనైనా మనిషి రోజుకు సగటున గంట సేపు ప్రయాణం చేస్తాడని చూపించాడు. వేగం పెరిగితే ఆ గంట తగ్గదు, ఊరు వెడల్పవుతుంది. మన నెల్లూరునే చూడండి. మూలాపేట, రంగనాయకులపేట, సంతపేట అన్నీ నడిచి తిరిగేంత దూరంలో ఉన్నాయి, అవి నడిచే కాలపు ఊళ్ళు. సైకిళ్ళు, స్కూటర్లు వచ్చాక వేదాయపాళెం ఊళ్ళో కలిసింది. మినీ బైపాస్ వచ్చాక దాని వెంట ఇళ్ళు లేచాయి. కాబట్టి కారు మారితే ఊరు ఇంకా పరుచుకుంటుందన్న మాటలో కొంత నిజం ఉంది, కాదనను. కానీ ఊరు పరుచుకునే కొద్దీ ఇళ్ళ స్థలాలకు పనికొచ్చే భూమి ఎన్నో రెట్లు పెరుగుతుంది. 10 కిలోమీటర్ల వలయం 20 కిలోమీటర్లకు పెరిగితే లోపలి నేల నాలుగింతలవుతుంది. సరుకు అంత పెరిగాక, అందులో ఏదో ఒక మూల ఉన్న మన 25 అంకణాల ప్లాటుకే గిరాకీ ఎందుకు రావాలి? బ్రోచర్లలో ఈ లెక్క వేయరు.

కృష్ణపట్నం పోర్టు మాట వినబడిన రోజుల్లో ముత్తుకూరు వైపు వేసిన లే అవుట్లలో కొన్నింటికి తర్వాత విలువ కట్టడానికి వెళ్ళాను. పోర్టు నిజంగానే వచ్చింది, 2008లో మొదలైంది. అయినా కొన్ని ప్లాట్లలో హద్దు రాళ్ళు వెతకాలంటే కంపచెట్లు కొట్టించాల్సి వచ్చింది. వచ్చినది నిజమైనంత మాత్రాన మన స్థలం దాకా వచ్చినట్టు కాదు.

అపోహ: డ్రైవరు లేని కార్లు వస్తే ట్రాఫిక్ తగ్గుతుంది.

వాస్తవం: 2018లో కాలిఫోర్నియాలో బర్కిలీ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. డ్రైవరు లేని కారు ఉంటే జనం ఎలా తిరుగుతారో తెలుసుకోవడానికి 13 కుటుంబాల వాళ్ళకు వారం రోజులు ఉచితంగా డ్రైవర్లను ఇచ్చారు. కార్లు తిరిగిన దూరం 83 శాతం పెరిగింది. అందులో చెప్పుకోదగ్గ భాగం యజమాని లేకుండా తిరిగింది: పిల్లల్ని దింపడం, సామాను తేవడం, ఖాళీగా ఇంటికి రావడం. 13 కుటుంబాలంటే చిన్న లెక్కే. అయినా జీతగాణ్ణి పెట్టుకున్న ఇంట్లో కారు ఎన్నిసార్లు బయటికి పోతుందో చూసినవాళ్ళకు ఇది ఆశ్చర్యం కాదు. పార్కింగ్ దొరక్క ఖాళీగా చక్కర్లు కొట్టే కార్లు వీఆర్సీ సెంటర్లో ఎలా ఉంటాయో ఊహించుకోండి.

అపోహ: పార్కింగ్ అక్కర్లేదు కాబట్టి ఫ్లాట్లు చవకవుతాయి.

వాస్తవం: ఇది చదువుకున్నవాళ్ళు కూడా నమ్మే అపోహ. పైకి సబబుగానే ఉంటుంది. ఒక కారు నిలపడానికి రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు చోటు కావాలి, దాదాపు రెండు అంకణాలు. తిప్పుకునే దారి కలిపితే నాలుగు అంకణాల దాకా పోతుంది. సొంత కారు రోజులో 95 శాతం సేపు ఊరికే నిలబడే ఉంటుందని పట్టణ ప్రణాళికల వాళ్ళు చెప్తారు. కారు మనల్ని దింపేసి వేరే ఎక్కడికో పోతే ఆ చోటు మిగులుతుంది, నిజమే. ఆ మిగులు ఎవరికి చేరుతుంది అన్నదే ప్రశ్న.

బిల్డరు స్థలం కొనేటప్పుడు వేసే లెక్కే మేమూ వేస్తాం. లెక్క కోసం అనుకుందాం, ఒక స్థలంలో పది ఫ్లాట్లు పడతాయి, ఒక్కోటి 60 లక్షలకు అమ్ముడవుతుంది. మొత్తం ఆరు కోట్లు. కట్టుబడి, అనుమతులు, వడ్డీ, బిల్డరు లాభం కలిపి నాలుగు కోట్లు. మిగిలిన రెండు కోట్లే భూమికి ఇవ్వగలడు. ఇప్పుడు కింద స్టిల్ట్ పార్కింగ్ అక్కర్లేకుండా రూలు మారి 30 లక్షలు ఖర్చు తగ్గిందనుకోండి. కొనేవాడు 60 లక్షలకు కొనడానికి సిద్ధంగానే ఉన్నాడు, ఫ్లాటు ధర తగ్గాల్సిన అవసరం లేదు. ఆ స్థలం కోసం ఇంకో ఇద్దరు బిల్డర్లు పోటీ పడతారు. చివరికి భూమి రెండు కోట్ల 30 లక్షలవుతుంది. ఖర్చు తగ్గిన లాభం నేల గల ఆసామికి పోయింది.

దీన్ని ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో 1817లోనే ధాన్యం మీద చెప్పాడు. కౌలు ఎక్కువైనందుకు ధాన్యం ధర పెరగదు, ధాన్యం ధర పెరిగినందుకే కౌలు పెరుగుతుందన్నాడు. పెన్నా డెల్టాలో కౌలుకు చేసిన రైతుకు ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. పుట్టి ధర బాగా పలికిన మరుసటి ఏడాది కౌలు ఎందుకు పెరుగుతుందో ఆయన్ని అడగండి.

ఒక మినహాయింపు చెప్పాలి. ఊరంతా ఒకేసారి ఇలాంటి చోట్లు మిగిలి, వాటిలో కట్టుకోవడానికి అనుమతులు తేలిగ్గా దొరికి, నిజంగా ఎక్కువ ఇళ్ళు లేస్తే ధరలు మెల్లగా దిగుతాయి. దించేది మాత్రం కట్టిన ఇళ్ళ సంఖ్యే.

అపోహ: డ్రైవరు జీతం ఉండదు కాబట్టి ట్యాక్సీ ఆటో కన్నా చవకవుతుంది.

వాస్తవం: అమెరికాలో ట్యాక్సీ ఖర్చులో పెద్ద వాటా మనిషి జీతం, అందుకే అక్కడ ఆ కంపెనీలకు అంత ఆశ. మన దగ్గర పది లక్షల కారుకు ఐదేళ్ళ ఈఎంఐ నెలకు దాదాపు 21 వేలవుతుంది, దాని మీద ఇంధనం. డ్రైవరు జీతం మా ఊళ్ళో నాకు తెలిసిన చోట్ల 15, 18 వేల దగ్గర ఉంది. ఆ జీతం మిగుల్చుకోవడానికి కారు మీద లక్షల విలువైన సెన్సార్లు, కంప్యూటర్లు పెట్టాలి.

అపోహ: ఇదంతా అమెరికా గోల, మనకు పనికిరాదు.

వాస్తవం: ఈ మాటా సరికాదు. 2015 అక్టోబరులో ఆస్టిన్ నగరంలో స్టీరింగు, పెడళ్ళు లేని గూగుల్ చిన్న కారులో ఒంటరిగా ప్రయాణించిన మనిషి స్టీవ్ మాహన్. ఆయన చూపు కోల్పోయినవాడు. నేను వెళ్ళే ఇళ్ళలో పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో ఉండి, ఇద్దరే పెద్దవాళ్ళు ఉన్నవి ఎన్నో. కింద కారు కవరు కప్పి ఉంటుంది, నడిపేవాళ్ళు లేరు. కన్ను మసకబారిన ఆమె డయాలసిస్‌కి వెళ్ళాలంటే పక్కింటి అబ్బాయి ఖాళీ చూసుకోవాలి. వీళ్ళకోసం ఆ కారు రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటాను. అది వచ్చినా ముందు పనికొచ్చేది ఊళ్ళో ఉన్నవాళ్ళకే. ఇప్పటిదాకా ఆ కంపెనీలన్నీ ముందుగా మ్యాపు గీసుకున్న హద్దుల్లో, సవారీలు ఎక్కువగా దొరికే చోట్లే నడుపుతున్నాయి. 25 కిలోమీటర్ల అవతల ఉన్న ఒక్క ఇంటికి బండి ఖాళీగా రావాలి, మళ్ళీ ఖాళీగా పోవాలి.

అయ్యవారు ఇదంతా విని, "మరి నేనేం చూసుకోవాలో చెప్పు" అన్నారు. నేను చెప్పినవి ఇవి: లే అవుట్ అనుమతి నంబరు తీసుకొని నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) ఆఫీసులో సరిచూసుకోండి. ఈసీ (స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే సర్టిఫికెట్) 30 ఏళ్ళకు తీయించండి, లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు) లాయరుకు చూపించండి. అప్రోచ్ రోడ్డు కాగితం మీద ఉన్నంత వెడల్పు నేల మీద ఉందో లేదో టేపు పెట్టి కొలిపించండి. అక్కడ ఇప్పటికే ఇల్లు కట్టుకొని ఉంటున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, వేసవిలో నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకుంటారో అడగండి.

ఇంకొకటి, వేసవిలో చూసి అడ్వాన్సు ఇవ్వకండి. మనకు పెద్ద వానలు పడేది అక్టోబరు, నవంబరు నెలల్లో. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. ఆ రోజు ఏ కారూ కదల్లేదు. వాన బాగా కురిసిన మర్నాడు ఆ స్థలం దాకా ఒకసారి వెళ్ళి రండి, కావాలంటే బండి మీద నేనూ వస్తాను అన్నాను. నవంబరు దాకా ఆగుతానని బ్రోచరు మడిచి సంచిలో పెట్టుకున్నారు.