మెట్లదారి, ఘాట్ రోడ్డు, గుండె లయ

అలిపిరి దారిలో మోకాళ్ల మెట్టు దగ్గర కాసేపు నిలబడి చూడండి. యాభై దాటిన ఒకాయన గోడకి ఆనుకుని, రొమ్ము మీద అరచెయ్యి పెట్టుకుని ఉంటాడు. "రొంతసేపు కూసో మామా, దడ తగ్గినాక పోదాం" అంటాడు పక్కనున్న అల్లుడు. ఎక్కేటప్పుడు దడ సహజమే. కూర్చున్నా తగ్గక, మణికట్టు దగ్గర నాడి వరస తప్పి తగులుతుంటే మాత్రం ఈసీజీ తీయించుకోవాల్సిందే.

1944లో మొదటి ఘాట్ రోడ్డు పడేదాకా కొండెక్కడానికి కాళ్లే దిక్కు, నడవలేనివాళ్లకి డోలీ. 1974లో రెండో రోడ్డు వచ్చింది. ఇప్పుడా 3,550 మెట్లు ఎక్కేది ఎక్కువగా మొక్కున్నవాళ్లే. మొక్కు గొప్పదే. నా బాధంతా మిగిలిన 364 రోజుల గురించి. సందు చివర పాలప్యాకెట్‌కి కూడా బండి తీస్తున్నాం.

కదలకపోతే గుండెకు చేటని లెక్కలతో చూపినవాడు లండన్ వైద్యుడు జెర్రీ మోరిస్. 1953లో ఆయన రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పోల్చాడు. రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే సీట్లో కూర్చునే డ్రైవర్లకే గుండెజబ్బు ఎక్కువ. అది రక్తనాళాల జబ్బు. కదలికకీ గుండె లయకీ, అంటే గుండె కొట్టుకునే వరసకీ, ఉన్న సంబంధం చాలా ఆలస్యంగా తేలింది.

లయ తప్పడంలో ముఖ్యమైనది ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోక వణుకుతుంటాయి. అక్కడ రక్తం నిలిచి గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకి చేరితే పక్షవాతం. బీపీ, ఊబకాయం ఏళ్ల తరబడి ఉంటే ఎడమ పై గది సాగి, కండరంలో మచ్చలు కట్టి, విద్యుత్ సంకేతాలు దారి తప్పుతాయి. రోజూ నడిస్తే ఆ రెండూ అదుపులో ఉంటాయి. అమెరికాలో 65 దాటిన 5,446 మందిని 12 ఏళ్లు గమనించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, బాగా నడిచేవాళ్లలో ఈ జబ్బు తక్కువగా కనిపించింది.

అలాగని ఎంత శ్రమపడితే అంత మేలనీ కాదు. స్వీడన్‌లో 90 కిలోమీటర్ల వాసాలోపెట్ స్కీ పందెం ఎక్కువసార్లు పూర్తిచేసినవాళ్లలో లయ సమస్యలు ఎక్కువని 2013లో తేలింది. ఏడాదంతా కుర్చీలో కూర్చుని ఒక్కరోజు కొండెక్కేవాళ్ల కష్టం వేరు. గుండెజబ్బు ఉన్నవాళ్లు కాలినడకన రావద్దని టీటీడీ చెబుతున్నది ఊరికే కాదు.

మరి లయ ఇప్పటికే తప్పినవాళ్లు? నాకు ఎక్కువ ధైర్యమిచ్చింది 2015లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నుంచి వచ్చిన ఫలితం. బరువు ఎక్కువున్న 308 మంది ఫిబ్రిలేషన్ రోగుల్లో, ఒంటి సత్తువ పెంచుకున్నవాళ్లకి జబ్బు తిరగబెట్టడం తగ్గింది. వాళ్లు వ్యాయామం మొదలుపెట్టింది వారానికి మూడుసార్లు, 20 నిమిషాల చొప్పున.