ఛాంపియన్ కాలేకపోయిన రేసు డ్రైవర్లు: కొన్ని అపోహలు, వాస్తవాలు

చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాకులో పదకొండేళ్లు రేసు కార్ల మెకానిక్‌గా పనిచేసి, ఇప్పుడు విజయనగరంలో సొంత షెడ్డు నడుపుకుంటున్నాను. బండి పని పూర్తయ్యేదాకా బల్ల మీద కూర్చుని కబుర్లు చెప్పే కుర్రవాళ్లకు నా పాత ఉద్యోగం సంగతి తెలియగానే, ఫలానా డ్రైవరు అంత గొప్పవాడైతే ఛాంపియన్ ఎందుకు కాలేదని అడుగుతారు. ఆ ప్రశ్న వెనుక ఉన్న అపోహలకు జవాబుగా ఇది రాస్తున్నాను.

అపోహ: ఛాంపియన్‌షిప్ రానివాడు వచ్చినవాడికంటే తక్కువవాడు.

వాస్తవం: 1958 ఫార్ములా వన్ సీజనులో స్టిర్లింగ్ మాస్ నాలుగు రేసులు గెలిచాడు, మైక్ హాథార్న్ ఒక్కటే గెలిచాడు. అయినా 42 పాయింట్లతో హాథార్న్ ఛాంపియన్ అయ్యాడు, మాస్ 41 దగ్గర ఆగిపోయాడు. డ్రైవరు సాధించిన ఫలితాలలో మేలైన ఆరింటినే లెక్కించడం, అత్యంత వేగంగా తిరిగిన ల్యాపుకు, అంటే ట్రాకు చుట్టూ ఒక చుట్టుకు, ఒక పాయింటు ఇవ్వడం ఆనాటి నిబంధనలు. అయిదు సార్లు రెండో స్థానంలో వచ్చిన హాథార్న్‌కు ఆ నిబంధనలు కలిసివచ్చాయి.

ఆ ఏడాది పోర్చుగల్ రేసును మాత్రం నేను ఎన్నిసార్లు తలచుకున్నానో లెక్కలేదు. హాథార్న్ కారును ఎదురు దిశలో నడిపాడన్న ఆరోపణపై అతని ఫలితాన్ని రద్దు చేయబోతే, అతని తప్పు లేదని వెళ్లి సాక్ష్యం చెప్పినవాడు మాసే. దానితో రెండో స్థానానికి ఆరు, వేగవంతమైన ల్యాపుకు ఒకటి, మొత్తం ఏడు పాయింట్లు హాథార్న్‌కు దక్కాయి. అవి పోయి ఉంటే వాటి బదులు అర్జెంటీనాలో వచ్చిన నాలుగు పాయింట్లు లెక్కలోకి వచ్చి అతని మొత్తం 39కి దిగేది. నేను కాగితం మీద వేసి చూశాను. అదే రేసులో హాథార్న్ ల్యాపు రికార్డు సాధించాడని తెలుపుతూ ట్రాకు పక్కనుంచి జట్టువారు డ్రైవరుకు చూపే పిట్ బోర్డు మీద ‘రెక్’ అని రాసి చూపిస్తే, మాస్ దానిని ‘రెగ్’ అని, అంటే మామూలుగానే నడుపుతున్నాడని చదువుకుని, ఆ రికార్డు కోసం ప్రయత్నించలేదు. ఒక్క అక్షరం సరిగ్గా కనబడి, ఆ పాయింటు ఇటు వచ్చి ఉంటే 42, 41 అంకెలు తారుమారయ్యేవి. మా వృత్తిలో బోర్డు మీది అక్షరాలను అంత లావుగా రాయించేది ఊరికే కాదు.

మొత్తం 66 రేసులలో 16 గెలిచి, 1955 నుంచి 1958 వరకు వరుసగా నాలుగు సార్లు రెండో స్థానంలోనూ, ఆపై మూడు సార్లు మూడో స్థానంలోనూ నిలిచిన మాస్‌ను తక్కువవాడని అనగలిగేది పట్టిక చివరి వరుస మాత్రమే చదివినవారు.

అపోహ: నిజమైన డ్రైవరు ఏ కారునైనా గెలిపిస్తాడు.

వాస్తవం: కొండవెలగాడలో బరువులెత్తే ఆడపిల్లలను చూస్తూ పెరిగిన మనకు ఈ అపోహ సహజమే. శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు, ఆమె ముందున్న ఇనుమూ పక్క క్రీడాకారిణి ముందున్న ఇనుమూ ఒకటే. ఫార్ములా వన్‌లో ఆ ఇనుమే ఒక్కొక్కరికి ఒక్కొక్క రకంగా ఉంటుంది. అందువల్ల డ్రైవరు సత్తా తెలుసుకోవాలంటే అదే జట్టులో అదే రకం కారు నడిపే తోటి డ్రైవరుతో పోల్చడం కొంతవరకు న్యాయం. కొంతవరకే అనడానికి కారణం, కొత్త భాగం ఒక్కటే సిద్ధమైనప్పుడు అది ముందుగా ఎవరి కారుకు బిగించబడుతుందో మెకానిక్‌లకు బాగా తెలుసు.

1961 మొనాకో రేసులో మాస్ కారు కొనుక్కుని నడిపే ఒక ప్రైవేటు జట్టు పాత లోటస్‌తో, అంతకంటే ఎంతో బలమైన ఇంజన్లున్న ఫెరారీలను ఓడించాడు కదా అని అడగవచ్చు. నిజమే, తేడా 3.6 సెకన్లు. అయితే మొనాకోవి ఇరుకు వీధులు, మలుపు మీద మలుపు. సాలూరు దాటి ఘాటు దిగే లారీ డ్రైవర్లకు ఇది వేరే చెప్పనక్కరలేదు. మలుపులలో చేతి నేర్పు కనిపిస్తుంది, తిన్నని రోడ్డు మీద ఇంజనుదే మాట. ఆ ఏడాది పట్టం ఫెరారీ డ్రైవరు ఫిల్ హిల్‌కే వెళ్లింది. పెద్ద జట్టును కాదని ప్రైవేటు జట్టులో ఉండడం మాస్ తెలిసి చేసుకున్న నిర్ణయం కనుక, అందులో అతనికి అన్యాయం జరిగిందని నేను అనను.

అపోహ: ఒక్క పాయింటుతో ఓడితే అది దురదృష్టమే.

వాస్తవం: 2008లో ఫెలిపె మస్సా ఆరు రేసులు గెలిచి 97 పాయింట్లు తెచ్చుకున్నాడు, అయిదు గెలిచిన లూయిస్ హామిల్టన్ 98తో ఛాంపియన్ అయ్యాడు. చివరి రేసులో ఆఖరి మలుపుల దగ్గర హామిల్టన్ అయిదో స్థానానికి చేరుకోవడమే అందరికీ గుర్తుంది. కానీ హంగరీలో మూడే ల్యాపులు మిగిలి ఉండగా, ముందున్న మస్సా కారు ఇంజను పోయింది. సింగపూరులో ఇంధనం నింపుకోవడానికి పిట్‌లో ఆగినప్పుడు గొట్టం ఊడకముందే జట్టువారు ఇక వెళ్లమనే పచ్చ దీపం వెలిగించడంతో, అతడు గొట్టాన్ని ఈడ్చుకుంటూ పిట్ చివరిదాకా వెళ్లి ఆగి, చివరకు 13వ స్థానంలో ముగించాడు. సిల్వర్‌స్టోన్ వానలో మాత్రం అతడే అయిదు సార్లు గిర్రున తిరిగి 13వ స్థానంలో వచ్చాడు. వీటిలో దేనినీ అదృష్టం ఖాతాలో రాయడం నాకు ఇష్టం ఉండదు.

ఎందుకంటే ఒకసారి గేరు లింకేజీ బోల్టు వదులు కాకుండా లాకింగ్ వైరు చుట్టడం నేనే మరచిపోయాను. సగం రేసు వరకు ముందున్న కుర్రవాడు మూడో గేరులో ఇరుక్కుపోయి ట్రాకు పక్కన ఆగాడు. చూడవచ్చినవారు పాపం దురదృష్టవంతుడని జాలిపడ్డారు. నేను తలవంచుకుని స్పానర్లు సర్దుకున్నాను.

అపోహ: తోటి డ్రైవరును దాటవద్దన్న జట్టు ఆదేశాన్ని ధిక్కరించి ఉంటే ఛాంపియన్ అయ్యేవాడు.

వాస్తవం: 1979 మోంజాలో జిల్ విల్నవ్ తోటి డ్రైవరు జోడీ షెక్టర్ వెనుకే అర సెకను లోపు దూరంలో ముగించి, అతనికి పట్టం దక్కనిచ్చాడు, సీజను చివర తేడా నాలుగు పాయింట్లు. తన సమయం వస్తుందని నమ్మడం తెలివితక్కువ కాదు, కానీ 1982 మే 8న జోల్డర్ ట్రాకులో జరిగిన ప్రమాదంతో అతడు మరణించాడు. 1978లో మారియో ఆండ్రెట్టికి రెండో డ్రైవరుగా లోటస్‌లో చేరిన రోనీ పీటర్సన్‌దీ అదే కథ. మాట తప్పినవాడికి మరుసటి ఏడాది ఏ జట్టు సీటు ఇస్తుందో ఆలోచించి చూడండి.

అపోహ: మన దేశపు డ్రైవరు నారాయణ్ కార్తికేయన్ అమెరికా రేసులో నాలుగో స్థానంలో రావడం ఒక వేళాకోళం.

వాస్తవం: 2005 ఇండియానాపోలిస్‌లో మిషెలిన్ టైర్ల భద్రతపై అనుమానంతో ఏడు జట్లు తప్పుకోగా ఆరు కార్లే పరుగెత్తిన మాట నిజం. కార్తికేయన్ ముందు రెండు ఫెరారీలు, తన జోర్డాన్ జట్టుకే చెందిన మరో కారు ఉన్నాయి, వెనుక రెండు మినార్డీలు ఉన్నాయి. అతనికన్నా వేగమైన కార్లు తప్పుకోవడం అతడు చేసిన పని కాదు; ఉన్న కారును రేసు చివరిదాకా చెడగొట్టకుండా నడిపి అయిదు పాయింట్లతో ఇంటికి తేవడం మాత్రం అతని పనే, అతని మెకానిక్‌ల పనీ.