పాత కన్సోల్ ఆటలు, కొత్త మెరుగులు: ఎమ్యులేటర్లపై అపోహలు - వాస్తవాలు

పాత కన్సోళ్ల (టీవీకి తగిలించి ఆడే గేమ్ యంత్రాల) ఆటలను నేటి కంప్యూటర్లలోనూ ఫోన్లలోనూ నడిపించే ఎమ్యులేటర్లలో గ్రాఫిక్స్ భాగం మీద పనిచేస్తుంటాను. ఈ మెరుగుల గురించి నేను తరచుగా వినే అపోహలు చాలావరకు ఒకే చోట మొదలవుతాయి. ఆట స్వయంగా లెక్కగట్టినా తెర మీదికి రాకముందే కన్సోల్ వదిలేసిన సమాచారాన్ని కాపాడే మెరుగులు కొన్ని, అసలు లేని సమాచారాన్ని ఊహించి పూరించే మెరుగులు కొన్ని. ఈ రెంటినీ ఒకే గాట కట్టేస్తుంటారు.

అపోహ: రిజల్యూషన్ పెంచితే ప్లేస్టేషన్ ఆటల్లో బొమ్మల వణుకు పోతుంది.

వాస్తవం: పోదు, పైగా ఎక్కువగా కనిపిస్తుంది. 1994 డిసెంబరులో జపాన్‌లో విడుదలైన తొలి ప్లేస్టేషన్‌లో బొమ్మలు చిన్న చిన్న త్రిభుజాలతో కూర్చినవి; ఆ త్రిభుజాల మూలలు తెర మీద ఎక్కడ పడాలో లెక్కించేది జీటీఈ అనే సహ ప్రాసెసర్. అది ఫలితాన్ని పూర్ణాంకాలకు కుదించి ఇస్తుంది కాబట్టి, పాత్ర నెమ్మదిగా కదిలినప్పుడు మూలలు జారకుండా ఒక పిక్సెల్ నుంచి పక్క పిక్సెల్‌కు గెంతుతాయి. రిజల్యూషన్‌ను నాలుగు రెట్లు చేసినా మూలలు ఆ పాత గడుల మీదే నిలుస్తాయి. అంచులు పదునెక్కేకొద్దీ గెంతులు కంటికి కొట్టొచ్చినట్టు తెలుస్తాయి.

దీనికి విరుగుడు ఎమ్యులేటర్లలోని పీజీఎక్స్‌పీ అనే పద్ధతి. జీటీఈ కత్తిరించేసిన భిన్న భాగాన్నీ, దానితోపాటు లోతు విలువనూ (ఆ మూల చూసేవారికి ఎంత దూరంలో ఉందో చెప్పే సంఖ్యనూ) ఎమ్యులేటర్ విడిగా రాసిపెట్టుకుంటుంది. ఆట ఆ పూర్ణాంకాన్ని రిజిస్టర్ (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గడి) నుంచి మెమరీకి, మెమరీ నుంచి గ్రాఫిక్స్ చిప్‌కు పంపినప్పుడల్లా ఈ భిన్నాన్ని కూడా దాని వెంటే నడిపిస్తుంది. లోతు చేతిలో ఉండటం వల్ల మరో లాభం ఉంది: ప్లేస్టేషన్ దూరానికి తగ్గట్టు సవరించకుండా టెక్స్చర్లను (త్రిభుజాల మీద పరిచే బొమ్మలను) అతికించేది కనుక నేల మీది గీతలు వంకర్లు పోయేవి, వాటినీ సరిచేయవచ్చు. అయితే ఆట మధ్యలో ఆ సంఖ్యను సీపీయూతో మార్చితే జాడ తప్పిపోతుంది. ఒక త్రిభుజం మూల జాడ దొరికి, దాన్ని ఆనుకున్న త్రిభుజానిది దొరక్కపోతే రెంటి మధ్య సన్నని పగుళ్లు కనిపిస్తాయి. అందుకే ఈ సెట్టింగును అన్ని ఆటలకూ ఒకేలా పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

అపోహ: సూపర్ నింటెండో ఆటలు 2డీ కాబట్టి వాటిలో పెంచడానికి వివరమేమీ ఉండదు.

వాస్తవం: ఒక చదునైన పటాన్ని తిప్పి, సాగదీసి చూపే మోడ్ 7 అనే ఆ కన్సోల్ పద్ధతిలో ఉంటుంది. ఎఫ్-జీరో వంటి రేసు ఆటల్లో 1024 x 1024 పిక్సెళ్ల పటాన్ని తిప్పి, సాగదీసి, 256 పిక్సెళ్ల వెడల్పు తెర మీద పరుస్తారు. దూరాన ఉన్న రోడ్డులో ఎన్నో పిక్సెళ్లు ఆ ఇరుకులో పట్టక రాలిపోతాయి. 2019లో బీఎస్‌నెస్ అనే సూపర్ నింటెండో ఎమ్యులేటర్‌కు తోడైన హెచ్‌డీ మోడ్ 7 అదే లెక్కను పెద్ద తెరకు మళ్లీ వేసి, రాలినవాటిని తిరిగి చూపిస్తుంది. కారు ముందున్న నేల మాత్రం పెద్ద పెద్ద గడులుగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడ పటంలో అంతకుమించి ఏమీ లేదు.

అపోహ: నునుపు చేసే ఫిల్టర్ వేస్తే చిత్రకారుడి అసలు బొమ్మ బయటపడుతుంది.

వాస్తవం: ఎక్స్‌బీఆర్‌జెడ్ వంటి ఫిల్టర్లు పక్క పిక్సెళ్లను చూసి అంచు ఎలా ఉండి ఉంటుందో ఊహిస్తాయి, అంతే. సెగా మెగా డ్రైవ్ కన్సోల్‌లోని సోనిక్ ఆటలో జలపాతపు నిలువు గీతలు పాత టీవీల కాంపోజిట్ తీగలో (బొమ్మ మొత్తాన్నీ ఒకే సిగ్నల్‌గా పంపే తీగలో) కలిసిపోయి పారదర్శకమైన నీరులా కనిపించేవి. అక్కడ పనికొచ్చేది ఆ సిగ్నల్‌నూ సీఆర్‌టీ (పాత గాజు గొట్టం టీవీ) తెరనూ అనుకరించే షేడర్, అంటే గ్రాఫిక్స్ చిప్ మీద నడిచే చిన్న ప్రోగ్రాం.

అపోహ: స్ప్రైట్లు (పాత్రలు, తూటాల వంటి కదిలే చిన్న బొమ్మలు) మిణుకుమనడం లోపమే కాబట్టి, దానికి కారణమైన పరిమితిని తీసేయడం ఎప్పుడూ మంచిదే.

వాస్తవం: తెర మీది ఒక్కో అడ్డ గీతకు 8 స్ప్రైట్లకు మించి చూపలేకపోవడం నింటెండో ఫ్యామికామ్ కన్సోల్ పరిమితి. 1990లలో మన ఇళ్లలో టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్ గేములు చాలావరకు దాని నకళ్లే కనుక ఆ మిణుకు మనకూ తెలిసినదే. కానీ కొన్ని ఆటలు దాన్ని పనిముట్టుగా వాడుకున్నాయి. క్యాసిల్‌వేనియా 2 ఆటలో కథానాయకుడు సైమన్ బురదలో దిగినప్పుడు, కనిపించని స్ప్రైట్లతో ఆ గీతల కోటా నింపేసి అతని కాళ్లను మాయం చేస్తారు. పరిమితి తీసేస్తే కాళ్లు బురద మీదికి తేలతాయి. ఇలాంటి చోట్లను గుర్తించి పరిమితిని తనంతట తానే తిరిగి పెట్టే ఏర్పాటు మెసెన్ అనే ఎమ్యులేటర్‌లో ఉంది.

అపోహ: బటన్ నొక్కాక వచ్చే ఆలస్యంలో ఎమ్యులేటర్ అసలు కన్సోల్ కంటే ఎప్పుడూ వెనకే.

వాస్తవం: 2018లో రెట్రోఆర్చ్ అనే ఎమ్యులేటర్ ప్రోగ్రాంలో వచ్చిన రన్-ఎహెడ్ సౌకర్యంతో కొన్ని సందర్భాల్లో కన్సోల్ కంటే ముందే స్పందన చూడవచ్చు. చాలా ఆటలు తమ సొంత కోడ్ వల్లనే బటన్‌కు ఒకటి రెండు ఫ్రేములు (తెర మీద వరసగా వచ్చే బొమ్మలు) ఆలస్యంగా స్పందిస్తాయి. ఫ్రేముకు సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఎమ్యులేటర్ ప్రస్తుత స్థితిని భద్రపరచి, ఆ ఫ్రేములను తెరకు చూపకుండా ముందుకు నడిపి, వచ్చిన బొమ్మను చూపించి, మళ్లీ వెనక్కి వస్తుంది. ప్రాసెసర్ మీద భారం ఆ మేరకు పెరుగుతుంది. ముందుకు నడపాల్సిన ఫ్రేముల అంకె ఎక్కువ పెడితే గెంతులో తొలి ఫ్రేములు ఎగిరిపోతాయి కనుక, ఆటను ఆపి, గెంతే బటన్ నొక్కిపట్టి, ఒక్కో ఫ్రేము ముందుకు జరుపుతూ లెక్కపెట్టాలి. పాత్ర మూడో ఫ్రేములో కదిలితే ఆ ఆటకు పెట్టాల్సిన అంకె రెండు.