బోరు మోటారుకు వైఫై బోర్డు: అపోహలు - వాస్తవాలు

అపోహ: వైఫై కలవగానే బోర్డు రీసెట్ అవుతోందంటే అది డూప్లికేట్ సరుకే.

వాస్తవం: చాలాసార్లు లోపం బోర్డులో కాదు, దానికి అందే కరెంటులో ఉంటుంది. వైఫై సిగ్నల్ పంపే క్షణంలో ఈఎస్‌పీ32 (మోటారును ఆన్, ఆఫ్ చేయడానికి వాడే ఒక రకం వైఫై బోర్డు) మూడు నాలుగు వందల మిల్లీయాంపులు లాగుతుంది. సన్నటి, పొడుగాటి యూఎస్‌బీ కేబులైతే అప్పుడే వోల్టేజి పడిపోతుంది. బోర్డు పంపే సందేశాలను కంప్యూటర్‌లో చూపే సీరియల్ మానిటర్‌లో ‘బ్రౌన్‌అవుట్’ (వోల్టేజి పడిపోయింది) అన్న మాట కనిపిస్తే ఇక అనుమానమే లేదు. 5 వోల్టుల, 2 యాంపుల అడాప్టరు, పొట్టి కేబులు వాడండి. 3.3 వోల్టుల పిన్నుకూ గ్రౌండుకూ మధ్య 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. చార ఉన్న వైపు కాలు గ్రౌండుకే వెళ్లాలి. అసలు కంప్యూటర్‌కే బోర్డు కనబడకపోతే ముందు కేబులు మార్చండి. ఛార్జింగ్ కేబుళ్లు కొన్నింటిలో డేటా తీగలే ఉండవు.

అపోహ: రిలే (బోర్డు చెప్పినట్టు కలిసి, విడిపోయే స్విచ్) మీద 10 యాంపులని రాసుంది, 5 హెచ్‌పీ మోటారు లాగేది ఏడెనిమిది యాంపులే, సరిపోతుంది.

వాస్తవం: అనంతపురం తోటల్లో ఎక్కువగా కొంపముంచేది ఈ లెక్కే. మోటారు తిరగడం మొదలెట్టేటప్పుడు దానికి అయిదారు రెట్లు లాగుతుంది. రిలే కాంటాక్టులు అతుక్కుపోతే ఆఫ్ చేసినా మోటారు ఆగదు. బోర్డు మోటారును నేరుగా కాదు, దాని స్విచ్‌ను లాగి కలిపే స్టార్టర్ కాయిల్‌ను మాత్రమే నడపాలి. అందులోనూ ఒక మెలిక ఉంది: త్రీఫేజ్ స్టార్టర్లలో కాయిల్ తరచుగా 415 వోల్టులది, నీలం రంగు చిన్న రిలే మాత్రం 250 వోల్టులకే. కాబట్టి ముందు కాయిల్ మీద రాసింది చదవండి. 415 అయితే మధ్యలో 230 వోల్టుల కాయిల్ ఉన్న చిన్న కాంటాక్టర్ (పెద్ద రిలే లాంటి స్విచ్) పెట్టించండి. ఓవర్‌లోడ్ రిలేను (మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసేది) తప్పించి వైరు కలపొద్దు. ఈ పని ఎలక్ట్రీషియన్ చేతికే వదలండి.

అపోహ: ఏ పిన్ అయినా ఒకటే.

వాస్తవం: కాదు. ఈఎస్‌పీ8266లో (ఇది మరో రకం వైఫై బోర్డు) జీపీఐవో నంబర్ల ప్రకారం 0, 2, 15 పిన్నులు బోర్డు ఆన్ అయ్యేటప్పుడు ఏ స్థితిలో ఉన్నాయన్నదాన్ని బట్టే అది మొదలవుతుంది. రిలేకు జీపీఐవో 4 గానీ 5 గానీ వాడండి. ఈఎస్‌పీ32లో 34 నుంచి 39 దాకా ఇన్‌పుట్‌కే పనికొస్తాయి. వాటికి రిలే తగిలించి ఎన్ని గంటలు కూర్చున్నా కదలదు.

అపోహ: తోటలో వైఫై లేదు, ఇక ఇది దండగ.

వాస్తవం: రౌటర్ లేకుండానే రెండు బోర్డులు ఈఎస్‌పీ-నౌ అనే నేరు వైర్‌లెస్ పద్ధతి ద్వారా మాట్లాడుకుంటాయి. మోటారు ఆన్ అయిందా లేదా అని చెప్పడానికి అది చాలు. ఇనుప స్టార్టర్ పెట్టె లోపల బోర్డు పెడితే మాత్రం సిగ్నల్ బయటికి రాదు. పక్కన ప్లాస్టిక్ డబ్బాలో, ఎండ నేరుగా తగలని వైపు బిగించండి.