ఒక్క ప్లగ్గు కోసం ముప్పై ఏళ్లు

2023 మే 25న ఫోర్డ్ సీఈఓ జిమ్ ఫార్లీ, టెస్లా అధిపతి ఇలాన్ మస్క్ కలిసి ట్విటర్ లైవ్‌లోకి వచ్చారు. ఫోర్డ్ ఎలక్ట్రిక్ కార్లను ఇక టెస్లా స్టేషన్లలోనూ ఛార్జ్ చేసుకోవచ్చని, ముందు ముందు వచ్చే మోడళ్లకు టెస్లా పోర్టే, అంటే ఛార్జింగ్ ప్లగ్గు దూర్చే సాకెట్టే, ఉంటుందని చెప్పారు. రెండు వారాలకు జనరల్ మోటార్స్ (జీఎం) అదే దారి పట్టింది. ఏడాది తిరగకముందే అమెరికాలో కార్లు అమ్మే పెద్ద కంపెనీలన్నీ దాదాపుగా వరస కట్టాయి. అన్నేళ్లు వేరే పోర్టు పట్టుకుని కూర్చున్నవాళ్లు ఎందుకు దిగొచ్చారో తెలియాలంటే 1990ల కాలిఫోర్నియా నుంచి మొదలుపెట్టాలి.

1998 నాటికి అమ్మే కార్లలో 2 శాతం పొగ రానివే ఉండాలని 1990లో ఆ రాష్ట్రం పెద్ద కంపెనీలకు షరతు పెట్టింది. 1996లో జీఎం నుంచి ఈవీ1 అనే ఎలక్ట్రిక్ కారు వచ్చింది. దాన్ని అమ్మలేదు, లీజుకే ఇచ్చారు. కారు ముందు భాగంలో ఒక గాడి ఉండేది. అందులో తెడ్డులాంటి ప్లాస్టిక్ పరికరం దూరిస్తే, లోహం లోహానికి తగలకుండానే అయస్కాంత క్షేత్రం ద్వారా బ్యాటరీకి శక్తి అందేది. ఫోర్డ్, హోండా మాత్రం మామూలుగా పిన్నులుండే ప్లగ్గు వాడాయి. 2001లో కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డు పిన్నుల వైపే మొగ్గింది. మరుసటి ఏడాది జీఎం తెడ్డు ఛార్జర్లను ఆపేసింది. ఆ తర్వాత కార్లను వెనక్కి తీసుకుని చాలావాటిని తుక్కు చేసింది, కొనుక్కుంటామని బతిమాలినవాళ్లకు కూడా ఇవ్వలేదు. పోర్టు తగాదా కన్నా, కారును నిలబెట్టాలన్న పట్టుదల కంపెనీకి లేకపోవడమే ఈవీ1ను ముంచిందని నేను అనుకుంటాను.

రెండో అంకంలోనూ అదే జరిగింది. 2010లో నిస్సాన్ లీఫ్ అనే ఎలక్ట్రిక్ కారు జపాన్ వాళ్ల చాడెమో పోర్టుతో వచ్చింది. 2011లో అమెరికా, జర్మనీ కంపెనీలు ఏడు కలిసి సీసీఎస్ అనే పోర్టుకు ఒప్పుకున్నాయి. పాత గుండ్రటి ప్లగ్గు కింద రెండు లావుపాటి పిన్నులు చేరిస్తే అదే సీసీఎస్. పోర్టు కుదిరింది సరే, హైవేల మీద స్టేషన్లు ఎవరు కట్టాలి? ఆ పని తమది అనుకున్న కంపెనీ వాటిలో లేదు. 2012లో మోడల్ ఎస్ కారును సన్నటి సొంత పోర్టుతో తెచ్చిన టెస్లా, ఆ సెప్టెంబరులోనే కాలిఫోర్నియాలో సూపర్‌ఛార్జర్ అనే 6 ఫాస్ట్ ఛార్జింగ్ స్టేషన్లు తెరిచింది. అక్కడి నుంచి కడుతూనే పోయింది.

సీసీఎస్ వైపు అతి పెద్ద నెట్‌వర్క్ ఎలక్ట్రిఫై అమెరికా. అదీ ఫోక్స్‌వ్యాగన్ ఇష్టపడి కట్టింది కాదు. డీజిల్ కార్ల పొగ పరీక్షల్లో మోసం చేసిన కేసు రాజీలో 10 ఏళ్లలో 200 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టాల్సి రావడంతో పుట్టింది. 2022లో శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతంలో పరిశోధకులు 657 సీసీఎస్ ప్లగ్గులను పరీక్షిస్తే సరిగ్గా పనిచేసినవి 72.5 శాతమే. డాలస్ నుంచి హ్యూస్టన్‌కు పిల్లలతో బయలుదేరే మన తెలుగు కుటుంబానికి ఈ అంకె అంటే దారి పొడవునా టెన్షనే.

2022 నవంబరులో టెస్లా తన పోర్టు డిజైన్‌ను అందరికీ ఇచ్చేసి, ఉత్తర అమెరికా ఛార్జింగ్ ప్రమాణం అని పేరు పెట్టింది. ఆరు నెలలకు ఫోర్డ్, ఆ వెంటనే జీఎం. ఛార్జింగ్ కోసం పెట్టాలనుకున్న 75 కోట్ల డాలర్లలో 40 కోట్ల దాకా దీనివల్ల మిగలవచ్చని జీఎం సీఈఓ మేరీ బర్రా అప్పట్లో చెప్పారు. కొనేవాళ్లకు మేలు జరిగిన మాట నిజమే. అయినా కట్టాల్సిన స్టేషన్లు తప్పించుకోవడం కూడా ఆ ఒప్పందంలో భాగమని ఆ లెక్కే చెబుతోంది. ఇంకొకరి నెట్‌వర్క్ మీద ఆధారపడటంలో ఉన్న ప్రమాదం 2024 ఏప్రిల్ చివర్లో తెలిసింది. మస్క్ దాదాపు 500 మంది ఉన్న సూపర్‌ఛార్జర్ బృందాన్ని ఒక్కసారిగా తీసేశారు. తర్వాత కొందరిని వెనక్కి పిలిచారు.

పోర్టు తేలిపోయాక ఇప్పుడు కార్లే తగ్గుతున్నాయి. 2025 సెప్టెంబరు 30తో ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్లకిచ్చే 7,500 డాలర్ల కేంద్ర పన్ను రాయితీ ముగిసింది. 2035 కల్లా పొగ గొట్టాల కార్లు మానేయాలన్నది మా ఆశయం అని 2021లో చెప్పిన జీఎం, ఎలక్ట్రిక్ ప్లాన్లు తగ్గించుకుంటూ 160 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది. డిసెంబరులో ఫోర్డ్ తన ఎలక్ట్రిక్ పికప్ ట్రక్కు ఎఫ్-150 లైట్నింగ్‌ను ఆపేస్తున్నట్టు చెప్పి, 1,950 కోట్ల డాలర్ల భారం ప్రకటించింది. కొత్త లీఫ్ మాత్రం అమెరికాలో ఫాస్ట్ ఛార్జింగ్‌కు టెస్లా తరహా పోర్టుతోనే వచ్చింది. చాడెమోను నమ్మి పాత లీఫ్ కొన్నవాళ్లకు మిగిలింది, ఏటేటా తగ్గిపోతున్న ఆ వైర్ల కోసం మ్యాపులో వెతుక్కోవడం.