బటన్ నొక్కేలోపే తిరగబడే పెట్టె

కాగితం మీద ఒక చతురస్రం గీయండి. దానికి కాస్త పైగా, కుడివైపుకి జరిపి అంతే సైజులో ఇంకోటి గీసి, మూలకి మూల కలపండి. పెట్టె వచ్చిందా? ఇప్పుడు దాన్నే చూస్తూ ఉండండి. కొన్ని సెకన్లకి ముందున్న ముఖం వెనక్కిపోయి, వెనకది ముందుకొస్తుంది. కాసేపటికి మళ్లీ మొదటిలాగే. వద్దనుకున్నా ఆగదు.

స్విట్జర్లాండ్‌కి చెందిన లూయీ ఆల్బర్ట్ నెకర్ స్ఫటికాల బొమ్మలు చూస్తూ ఈ వింత గమనించాడు. 1832లో దాని గురించి రాశాడు. అప్పట్నుంచి దీన్ని నెకర్ ఘనం అంటున్నారు.

మెదడు పరిశోధకులకి ఈ పెట్టె ఎందుకంత ఇష్టం? మామూలుగా మనకి కనిపించేది మారిందంటే కంట్లో పడే వెలుగూ మారినట్టే. మెదడులో వచ్చిన తేడా వెలుగు వల్లనా, అనుభవం వల్లనా తేల్చడం కష్టం. ఇక్కడ గీతలు అవే, వెలుగూ అదే. అనుభవం ఒక్కటే మారింది. ఆ మారే క్షణాన్ని పట్టుకుంటే చాలు. చిక్కంతా పట్టుకోవడంలోనే ఉంది.

తలకి ఎలక్ట్రోడ్లు తగిలించి, మెదడు విద్యుత్ సంకేతాలని కొలిచే ఈఈజీ తీస్తే మిల్లీసెకన్లలో జరిగేదీ కనిపిస్తుంది. కానీ ఆ సంకేతం మరీ బలహీనం. చాలాసార్లు కొలిచి సగటు తీయాలి, అందుకు అన్నిటినీ ఒకే క్షణం నుంచి లెక్కపెట్టాలి. ఆ క్షణం చూసే మనిషికి తప్ప ఎవరికీ తెలియదు. ‘మారగానే బటన్ నొక్కండి’ అంటే, గమనించి వేలు కదిపేసరికే ఆలస్యం. పోనీ అదైనా ప్రతిసారీ ఒకేలా ఉంటుందా అంటే, ఉండదు. సగటులో అంతా అలుక్కుపోతుంది.

జర్మనీలో ఫ్రైబుర్గ్ పరిశోధకులు యూర్గెన్ కోర్న్‌మయర్, మైకేల్ బాఖ్ దీనికి వాడిన ఉపాయం నాకు భలే నచ్చింది. బొమ్మని కాసేపు చూపించి, లిప్తపాటు తీసేసి, మళ్లీ చూపిస్తారు. తిరగబడితే, బొమ్మ మళ్లీ కనబడ్డప్పుడే తిరగబడే అవకాశం ఎక్కువ. ఆ క్షణం కంప్యూటర్‌కి తెలుసు! బటన్ తాపీగా తర్వాత నొక్కొచ్చు. అలా కొలిస్తే, బొమ్మ వచ్చిన సుమారు 130 మిల్లీసెకన్లకి చిన్న అల, 250 దగ్గర ఇంకో అల బయటపడ్డాయి. తిరగబడనప్పుడు ఆ అలలు లేవు.

మెదడుని స్కాన్ చేసే ఇంకో పద్ధతి, ఎఫ్‌ఎంఆర్‌ఐ, కొలిచేది రక్తప్రవాహాన్ని. అది పుంజుకోవడానికే అయిదారు సెకన్లు పడుతుంది కాబట్టి ‘ఎప్పుడు’ అన్నదానికి పనికిరాదు, ‘ఎక్కడ’ అన్నది చెబుతుంది. 1998లో ఫ్రాంక్ టాంగ్ బృందం ఒక కంటికి ముఖం, రెండో కంటికి ఇల్లు చూపించింది. చూసేవాళ్లకి ఒకసారి ముఖం, ఒకసారి ఇల్లు కనిపిస్తాయి. ముఖం కనిపించినప్పుడు ముఖాలని గుర్తించే భాగం, ఇల్లు కనిపించినప్పుడు ఇళ్లకి స్పందించే భాగం చురుకయ్యాయి. అదీ, నిజంగా బొమ్మలు మార్చి చూపినప్పుడు ఎంతో, అంతే.

ఇలాంటి ప్రయోగాల్లో చూపు మారినప్పుడల్లా మెదడు ముందుభాగం కూడా వెలిగేది. మారుస్తున్నది అదేనా? బటన్ నొక్కడం కోసం వెలుగుతోందా? 2014లో స్టెఫాన్ ఫ్రెస్లే బృందం బటన్ తీసేసి చూసింది. రైలు కిటికీలోంచి చూసేటప్పుడు కళ్లు వాటంతటవే చెట్ల వెంట పోయి వెనక్కొస్తాయి కదా, అలాగే ఒక్కో కంటికి ఒక్కో దిశలో, ఎదురెదురుగా కదిలే చారలు చూపిస్తే, అప్పటికి ఏవి కనిపిస్తే వాటి వెంటే కళ్లు పోతాయి. ఆ కదలికతోనే ఎప్పుడు మారిందో కనిపెట్టారు. ముందుభాగంలో హడావిడి చాలావరకు తగ్గిపోయింది.

అయినా వాదన ఆగలేదు. 2022లో కోతులకి ఇలాగే ఎదురెదురు కదలికలు చూపించి, బటన్ లేకుండానే నాడీకణాల నుంచి నేరుగా కొలిస్తే, ఏ దిశ కనిపిస్తోందో ముందుభాగం కణాలు చెప్పగలిగాయి.